మిల్లులో బస్తా ఎన్నిసార్లు లేస్తోంది? మెటీరియల్ హ్యాండ్లింగ్ తెలిసినవాళ్ళు కాస్త చెప్పండి

మండపేట_మిల్లు:
అందరికీ నమస్కారం అండి. మాది మండపేట దగ్గర రైస్ మిల్లు, గంటకి 4 టన్నుల ధాన్యం ఆడుతుంది, రోజుకి పది గంటలు నడిస్తే 40 టన్నులు. ఇన్నాళ్ళూ నాన్నగారు చూసుకునేవారు, పోయిన ఏడాది నుంచి నేను చూస్తున్నాను, నేను బీకాం, మెషీన్లు నాకు కొత్త. దాళ్వా (రబీ) ధాన్యం వచ్చేటప్పుడు గేటు దగ్గర ట్రాక్టర్లు బారులు తీరిపోతున్నాయి, లోపల మిల్లేమో ఒక్కోసారి ధాన్యం అందక ఖాళీగా తిరుగుతోంది, ఇదెలా సాధ్యమో నాకు అర్థం కావట్లేదు. ఒక సప్లయర్ వచ్చి ఫోర్క్‌లిఫ్టు (సరుకు ఎత్తి మోసే బండి) ఒకటి, బెల్టు కన్వేయర్లు (సరుకుని మోసుకెళ్ళే కదిలే పట్టీలు) రెండు పెట్టేయండి అన్నీ సర్దుకుంటాయి అని కొటేషన్ ఇచ్చి వెళ్ళాడు. అంత డబ్బు పెట్టేముందు అసలు ఈ మెటీరియల్ హ్యాండ్లింగ్ అంటే ఏంటో, దాని మూలసూత్రాలేంటో తెలుసుకోవాలనిపించింది. మాలాంటి మిల్లుకి పనికొచ్చేలా ఎవరైనా చెప్పగలరా?

మెకానికల్_మాస్టారు:
మంచి ప్రశ్న అడిగారండి, కొనకముందు అడిగారు, అది ఇంకా మంచిది. నేను పాలిటెక్నిక్‌లో ఈ సబ్జెక్టు చెప్తాను. పుస్తకంలో అయితే సరుకుని కదపడం, నిలవ చేయడం, పాడవకుండా కాపాడడం, ఎక్కడ ఎంత ఉందో లెక్క ఉంచడం, ఈ నాలుగూ కలిపితేనే మెటీరియల్ హ్యాండ్లింగ్. చాలామంది మొదటిదొక్కటే చూసి మెషీన్ కొనేస్తారు. ఇప్పటి పాఠాల్లో 10 సూత్రాలు ఉంటాయి, పాత పుస్తకాల్లో 20 ఉండేవి, ప్లానింగు, ఒకే సైజులు వాడడం, పని తగ్గించడం, మనిషి ఒంటికి సరిపడా ఉండడం, యూనిట్ లోడు, చోటు వాడకం, మొత్తాన్ని ఒకే వ్యవస్థగా చూడడం, ఆటోమేషను, పర్యావరణం, జీవితకాలం మొత్తం అయ్యే ఖర్చు, ఇలా. అన్నీ ఇవాళే బుర్రకెక్కించుకోనక్కర్లేదు. మీకు ముందు కావాల్సింది ఒక్కటే. షెల్లర్లో పడితే ధాన్యం పొట్టు పోతుంది, పాలిషర్లో పడితే బియ్యం తెల్లబడుతుంది, కానీ బస్తాని ఈ మూల నుంచి ఆ మూలకి మోస్తే దాని విలువ ఒక్క పైసా పెరగదు, మోసిన ఖర్చు మాత్రం పడుతుంది. కాబట్టి బాగా మోయడం ఎలాగ అని తర్వాత అడగండి, ఇది అసలు మొయ్యాలా అని ముందు అడగండి.

పాత_ఫిట్టర్:
మాస్టారు చెప్పింది నూటికి నూరు రైటు. నేను 31 ఏళ్ళు మిల్లుల్లో ఫిట్టింగు చేశాను బాబూ, తణుకు నుంచి రామచంద్రపురం దాకా నేను ఎలివేటర్ (బెల్టుకి బకెట్లు కట్టి గింజని పైకెత్తే మెషీను) ఎక్కని మిల్లు తక్కువ. నువ్వు ఓ పని చెయ్యి. రేపు పొద్దున్న ఒక బస్తాకి సున్నం బొట్టు పెట్టు, అది ట్రాక్టర్ దిగిన దగ్గర్నుంచి దాని ఎనకాలే తిరుగు, ఎవరు ఎత్తారు, ఎక్కడ దించారు, ఎన్ని అడుగులు నడిచారు, ఎంతసేపు ఊరికే పడుంది, అంతా కాయితం మీద రాయి. కుర్చీలో కూర్చుని ఊహించి రాయకు, బస్తాతో నడు. అలాగే బియ్యం బస్తా కుట్టిన దగ్గర్నుంచి లారీ ఎక్కేదాకా ఇంకోటి. రెండ్రోజులు చేసి ఇక్కడ పెట్టు, అప్పుడు మాట్లాడదాం. ఆ కొటేషన్ మాత్రం అప్పటిదాకా బీరువాలో పెట్టు.

రావులపాలెం_గెల:
మిల్లు సంగతి నాకు తెలీదు కానీ మా అరటి మార్కెట్లో ఈ చెయ్యి పడడం అనేది కళ్ళకి కనిపిస్తుందండి. గెల ఎన్ని చేతులు మారితే అన్ని మచ్చలు, కోసినరోజు ఏమీ తెలీదు, మూడోనాడు పండేసరికి ఎక్కడెక్కడ నొక్కుకుందో అక్కడ నల్లగా తేలుతుంది, కొనేవాడు దాన్ని పట్టుకునే బేరమాడతాడు. అందుకే తోటలో కొట్టిన గెలని కింద ఆకులేసి దించడం, మధ్యలో ఎక్కడా నేలకి తగలకుండా తిన్నగా బండి ఎక్కించడం. మాస్టారు చెప్పిన కాపాడడం అనే ముక్క మాకు మొదటి ముక్క. మీకు నూకలు ఎక్కువొస్తున్నాయేమో అది కూడా చూసుకోండి, ఎత్తి పడేసే ప్రతిచోటా గింజ దెబ్బ తింటుంది కదా.

పాత_ఫిట్టర్:
గెల గారు భలే పట్టారు. నూక అంతా పాలిషర్ పుణ్యమే అనుకుంటారు గానీ, బియ్యాన్ని స్క్రూ కన్వేయర్లో (తొట్టిలో మర తిరుగుతూ సరుకుని ముందుకి తోసేది) దూరం తీసుకెళ్తే అంచుకీ తొట్టికీ మధ్య నలిగి విరుగుతుంది. తవుడుకి స్క్రూ పెట్టుకోండి, బంగారంలా పనిచేస్తుంది. బియ్యానికి బెల్టో ఎలివేటరో పెట్టండి. పైనుంచి ఎత్తుగా పడేచోట కింద రబ్బరు ముక్క వేయండి, లేదా పడే చోట కొంచెం గింజ ఎప్పుడూ నిలిచుండేలా చిన్న అర కట్టండి, గింజ మీద గింజ పడుతుంది, ఇనుము మీద పడదు.

కాకినాడ_రేవు:
నేను యాంకరేజి పోర్టులో సరుకు లెక్క రాసే పనిలో ఉన్నాను. యూనిట్ లోడు అంటే ఏంటో మా దగ్గర ఒక్కరోజు నిలబడితే తెలిసిపోతుంది. పెద్ద ఓడ ఒడ్డుకి రాదు, హోప్ ఐలాండు అడ్డుగా ఉన్న బేలో లంగరేసుకుని ఉంటుంది, బియ్యం బస్తాలు బార్జీల్లో దాని దగ్గరికి వెళ్తాయి. అక్కడ క్రేను ఒక్కో బస్తా ఎత్తదు కదా, స్లింగులో ఓ కట్టగా పేర్చి ఒక్క కొక్కేనికి తగిలిస్తారు. అంటే క్రేనుకి బస్తా అనేదే కనబడదు, దానికి కనబడేది కట్ట. ఇదే యూనిట్ లోడు. కానీ ఆ కట్టని బార్జీలో మనుషులే కట్టారు, ఓడ లోపల మళ్ళీ మనుషులే విప్పి పేర్చారు. కట్టి విప్పి కట్టి విప్పి, వాన చినుకు పడితే మొత్తం ఆపి మూత వేసుకుని కూర్చోవడం. 1956లో అమెరికాలో మాల్కం మెక్లీన్ అనే లారీల యజమాని ఐడియల్ ఎక్స్ అనే ఓడ మీద 58 పెట్టెలు ఎక్కించి పంపాడు, కంటైనర్ కథ అక్కడ మొదలు. ఆయన చేసిందల్లా బయల్దేరినచోట కట్టిన కట్టని చేరేచోటు దాకా విప్పకపోవడమే. మా పని చూసినప్పుడల్లా నాకు అదే గుర్తొస్తుంది. మీ మిల్లులో కూడా కట్ట ఎక్కడ కడుతున్నారు, ఎక్కడ విప్పుతున్నారు అనేది చూడండి. రైతు కళ్ళంలో పోగుగా ఉన్న ధాన్యాన్ని బస్తాలకెత్తి, కుట్టి, మీ దగ్గరకొచ్చాక ఆ కుట్టు కోసి మళ్ళీ పోగు పోస్తున్నారు.

అంబాజీపేట_కొబ్బరి:
మాకు కాయ లెక్క, మీకు తూకం లెక్క, తేడా అక్కడే వస్తుంది. కాయలు గుట్టగా పోస్తే లెక్క పోతుంది, సంచుల్లో కడితే కూలి పెరుగుతుంది. ఎవరి సరుకుని బట్టి వాళ్ళకి కట్ట ఉంటుందండి, అందరికీ ఒకటే కుదరదు.

మండపేట_మిల్లు:
ఫిట్టర్ గారూ, మీరు చెప్పినట్టే రెండ్రోజులు బస్తా వెనకాల తిరిగాను. ఇన్నేళ్ళూ మిల్లులో పెరిగి ఇది ఎప్పుడూ చూడలేదని బాధేసింది. ధాన్యం బస్తా 40 కేజీలది, ట్రాక్టర్ మీంచి దించి అరుగు మీద వేస్తున్నారు, అది ఒకటి. అరుగు మీంచి షెడ్డులోకి మోసి పేరుస్తున్నారు, రెండు. పేర్చినదాన్ని దించి చిన్న కాటా మీద పెట్టి మళ్ళీ చూసుకుంటున్నారు, మూడు. కాటా మీంచి 60 మీటర్లు మోసుకెళ్ళి పిట్ (ఎలివేటర్‌కి అందేలా ధాన్యం పోసే గుంట) దగ్గర కోసి పోస్తున్నారు, నాలుగు. బియ్యం వైపు, కుట్టిన చోటు నుంచి గోడౌను గుమ్మం దాకా ఒకటి, గుమ్మం నుంచి లోపల పేర్చడం రెండు, అక్కణ్ణుంచి లారీకి మూడు. రోజుకి 40 టన్నులంటే 1000 బస్తాలు. 40 టన్నులు నాలుగుసార్లు లేస్తే 160 టన్నులు, దాన్లోంచి 67 శాతం లెక్కన 26.8 టన్నుల బియ్యం మూడుసార్లు లేస్తే ఇంకో 80. అంటే 40 టన్నులు ఆడడానికి మా జట్టు రోజూ 240 టన్నులు ఎత్తుతోంది. జట్టులో ఉన్నది 12 మంది, మనిషికి 20 టన్నులు. ఆ అంకె చూసి రాత్రి నిద్ర పట్టలేదు నిజంగా.

మెకానికల్_మాస్టారు:
చూశారా, ఇప్పుడు మీరు నా క్లాసులో సగం సిలబస్ అయిపోగొట్టారు. దీన్నే పని సూత్రం అంటాం, ఎంత సరుకు అనేదాన్ని ఎంత దూరం అనేదానితో గుణించండి. ఆ చిన్న కాటా నుంచి పిట్ దాకా ఒక్కదానికే 40 టన్నులు ఇంటూ 60 మీటర్లు, 2400 టన్ను-మీటర్లు. ఆ కాటాని పిట్ పక్కకి జరిపి ఆ దూరాన్ని 10 మీటర్లు చేస్తే 400. మెషీనూ లేదు, కరెంటూ లేదు, నలుగురు పట్టుకుని కాటా జరిపారంతే.

ఇంకో లెక్క కూడా చూడండి, ఇది నేను పిల్లలకి ఎప్పుడూ చేయించేది. 40 టన్నుల్ని 12 మీటర్ల ఎత్తుకి ఎత్తడానికి నిజంగా కావాల్సిన శక్తి ఎంత? 40,000 ఇంటూ 9.81 ఇంటూ 12, సుమారు 47 లక్షల జౌళ్ళు, ఒక యూనిట్ కరెంటంటే 36 లక్షల జౌళ్ళు, అంటే 1.3 యూనిట్లు. మోటారులో, బెల్టులో, బేరింగుల్లో పోయేది కలుపుకుని రెండింతలో మూడింతలో వేసుకోండి, అయినా నాలుగు యూనిట్లు దాటదు. మీరు రోజంతా మోయించేదాన్ని భూమ్మీద నుంచి మేడ పైకి ఎత్తే ఖర్చు అది. అందుకే ఒక్కసారి పైకి ఎత్తండి, అక్కణ్ణుంచి భూమ్యాకర్షణే మెషీన్ల మీదుగా కిందికి తెస్తుంది. ఎత్తినదాన్ని మళ్ళీ నేల మీదికి దించేశారంటే ఆ ఎత్తు వృథా.

జట్టు_బిడ్డ:
నేను ఇక్కడ చదవడమే తప్ప రాయను, ఇవాళ రాయాలనిపించింది. మా నాన్న పాలకొల్లు వైపు మిల్లుల్లో జట్టు మేస్త్రీ, ఎగుమతి దిగుమతి పనిలో ముప్పై ఏళ్ళు చేశాడు. ఆయన కుర్రాడిగా ఉన్నప్పుడు 75 కేజీల బస్తా, అంతకుముందు వంద కేజీలవి కూడా మోసేవారంట. ఇప్పటికీ మనం ఎకరానికి ఎన్ని బస్తాలు పండింది అంటే ఆ 75 లెక్కే చెప్పుకుంటాం, ఆ 75 ఒక మనిషి మెడ మీద ఉండేదని ఎవరికీ గుర్తుండదు. మా నాన్నకి మోకాళ్ళు పోయాయి, మెడ ఒక పక్కకి తిరగదు. మీరు మనిషికి 20 టన్నులు అని రాశారు, నిద్ర పట్టలేదన్నారు, ఆ మాటకి మీకు దణ్ణం పెడతాను.

కానీ ఇంకో మాట కూడా వినాలండి. మాకు కూలి బస్తాకి ఇంత అని, అదీ ప్రతి మార్పుకీ విడిగా. దించితే ఒక రేటు, పేరిస్తే ఒక రేటు, మళ్ళీ ఎత్తితే ఇంకో రేటు. మీరు నాలుగు మార్పుల్ని రెండు చేస్తే నడుముకి మంచిది, కూలి సగమైపోతుంది. అందుకే కొన్నిచోట్ల జట్టువాళ్ళు కాటా జరపనివ్వరు, వాళ్ళు మొండివాళ్ళని యజమానులు అనుకుంటారు, వాళ్ళు అడిగేది తిండి గురించి. మీరు ఏం మార్చినా ముందు మేస్త్రీని కూర్చోబెట్టి, మార్పుకి రేటు తీసేసి టన్నుకి రేటు పెట్టండి, గేటు లోపలికొచ్చి లారీ ఎక్కి పోయేదాకా టన్నుకి ఇంత అని. అప్పుడు తక్కువసార్లు ఎత్తడం వాళ్ళకీ లాభమే, ఎక్కడ తగ్గించవచ్చో వాళ్ళే చూపిస్తారు.

మెకానికల్_మాస్టారు:
తమ్ముడూ, నువ్వు రాయడం మానకు. పుస్తకంలో మనిషి ఒంటికి సరిపడా అని నేను రెండు ముక్కల్లో తేల్చేసింది నువ్వు సరిగ్గా చెప్పావు. అందరి కోసం రెండు అంకెలు కలుపుతాను. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లో మనిషి మోసే గరిష్ట బరువు మీద 127వ ఒప్పందం తెచ్చింది, దాంతోపాటు వచ్చిన సిఫార్సులో మగవాళ్ళకి 55 కేజీలు మించకూడదని ఉంది, మన దేశం ఆ ఒప్పందానికి 2010లో ఒప్పుకుంది. బియ్యం బస్తా 50, ధాన్యం 40 అవ్వడం ఈ హద్దు లోపలే ఉంది. అయితే 55 అనేది ఒక్కసారి మోసే హద్దు, రోజంతా మోయడానికి కాదు. అమెరికాలో నియోష్ (పనివాళ్ళ భద్రత, ఆరోగ్యం మీద పరిశోధన చేసే ప్రభుత్వ సంస్థ) వాళ్ళు 1991లో సవరించిన లెక్క 23 కేజీల దగ్గర మొదలవుతుంది, అదీ ఒంటికి దగ్గరగా, నడుము ఎత్తులో, మెలి తిరగకుండా ఎత్తితేనే. దూరంగా చేతులు చాపినా, నేల మీంచి ఎత్తినా, నిమిషానికి ఎక్కువసార్లు ఎత్తినా ఆ 23 ఇంకా తగ్గిపోతుంది. బరువు తగ్గించలేకపోతే ఎత్తు మార్చండి. బస్తా నేల మీంచి లేవకుండా నడుము దగ్గర్నుంచి కదిలితే సగం కష్టం పోతుంది.

కాకినాడ_రేవు:
ఎత్తు మాట వచ్చింది కాబట్టి, మిల్లు గారూ, మీ గోడౌను అరుగు లారీ బల్లకి సమానంగా ఉందా? నేలమట్టంలో ఉంటే ఆ ఎత్తు మొత్తం మనిషే ఎక్కించాలి. అరుగు లేపితే బస్తా అడ్డంగా జరుగుతుంది, పైకి లేవదు.

మా తాతలు ఈ సంగతి నీటి మీద నేర్చుకున్నారు. ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలెట్టి 1852లో పూర్తి చేశారు కదా, దాని కాలవలు పొలాలకే కాదు పడవలకీ తవ్వినవి, అందుకే ఊరూరా లాకులు. ధాన్యం పడవలో వేస్తే గట్టు మీద తాడు పట్టుకుని మనుషులు నడుస్తూ లాగేవారు. అదే సరుకు నెత్తిన పెడితే ఒక్క బస్తాకి ఒక మనిషి. రేవు దగ్గర పడవ అంచూ గట్టూ ఒకే ఎత్తులో ఉంటే చెక్క వేసి నడిచేయడమే. లాకుల దగ్గర ఇప్పటికీ ఆ రాతి మెట్లూ అరుగులూ కనబడతాయి, ఎప్పుడైనా ఆగి చూడండి.

భీమవరం_ఐసు:
మాది ఐసు ఫ్యాక్టరీ, రొయ్యలకి చేపలకి ఐసు ఇస్తాం. ఉప్పునీళ్ళ ట్యాంకులోంచి డబ్బాలని పైన ట్రాలీ మీదున్న హాయిస్టుతో ఒక వరస మొత్తం ఒకేసారి లేపుతాం, మామూలు నీళ్ళలో ముంచితే దిమ్మ అంచులు వదిలేస్తుంది, వంచితే జారి ఏటవాలు నేల మీద దానంతటదే క్రషర్ దాకా పోతుంది. మా నేల వాలు ఎంతో చిన్నది, కానీ అది లేకపోతే ఇంకో నలుగురు కావాలి. చేపల లారీ హౌరా పోయేదాకా ఐసు నిలవాలి కాబట్టి మాకు దూరం కన్నా టైము ముఖ్యం, పెట్టె మూత తీసిన ప్రతిసారీ చలి పోతుంది. మీకు తడి ధాన్యం కూడా అంతే అనుకుంటాను, బస్తాలో ఎంతసేపు కూర్చుంటే అంత వేడెక్కుతుంది. రెండ్రోజులు నడిచారు కదా, బస్తా కదిలిన టైమెంత, ఊరికే పడున్న టైమెంత?

మండపేట_మిల్లు:
ఐసు గారూ, ఆ లెక్క కూడా రాసుకున్నాను. నేను బొట్టు పెట్టిన బస్తా గేటులోకి వచ్చింది పొద్దున్న 8:20కి, పిట్లో పడింది మర్నాడు మధ్యాహ్నం 3కి. దాన్లో మనిషి చేతిలో ఉన్నది మొత్తం కలిపి పావుగంట కూడా లేదు.

ఇంకొకటి, మిల్లు ఖాళీగా తిరగడానికి కారణం కూడా దొరికిందనుకుంటున్నాను. పిట్ ఎలివేటర్ సరిగ్గా ఎత్తట్లేదు. పైనుంచి గింజ వెనక్కి రాలిపోతున్న చప్పుడు వస్తోంది, కింద బూటు (ఎలివేటర్ అడుగు తొట్టి) నిండిపోయి గంటకోసారి ఆపి తోడుకుంటున్నాం. పోయినేడాది ఒకాయన స్పీడు పెంచితే ఎక్కువ ఎత్తుతుందని పుల్లీ మార్చాడు.

పాత_ఫిట్టర్:
అదిగో అసలు రోగం బయటపడింది. బాబూ, బకెట్ ఎలివేటర్ స్పీడు పెంచితే ఎక్కువ ఎత్తుతుంది అనేది కొంతవరకే నిజం. బకెట్ పైన తిరిగేటప్పుడు గింజ ఎగిరి షూటులోకి, అంటే బయటికి జారే దోనెలోకి పడాలి. నెమ్మదిగా తిరిగితే షూటు దాకా ఎగరదు, అక్కడే కిందికి కారిపోతుంది. మరీ జోరుగా తిరిగితే బకెట్ గోడకి అతుక్కుపోయి, లేటుగా వదిలి వెనక కాలులోకి, అంటే బకెట్లు కిందికి దిగే గొట్టంలోకి పడుతుంది, లేదా హెడ్ (పైభాగం) మూతకి కొట్టుకుని తిరిగొస్తుంది. సరైన స్పీడు పట్టుకోడానికి లెక్క ఇది, పైన పుల్లీ మధ్య నుంచి బకెట్లో గింజ ఉండే చోటు దాకా మీటర్లలో కొలిచి, దాని వర్గమూలంతో 30ని భాగించు. 25 సెంటీమీటర్లయితే 0.25కి వర్గమూలం 0.5, నిమిషానికి 60 చుట్లు. అక్కడికి కాస్త అటూ ఇటూ ఉండొచ్చు. నీది ఎంత తిరుగుతోందో చూడు.

మండపేట_మిల్లు:
కొలిచానండి. సరిగ్గా 25 సెంటీమీటర్లే ఉంది. తిరుగుతోంది 92 చుట్లు.

పాత_ఫిట్టర్:
పాత పుల్లీ ఉంటే మళ్ళీ పెట్టేయ్. 60 చుట్లకి ఎంత ఎత్తుతుందో కూడా చెప్తాను, బెల్టు సెకనుకి మహా అయితే 1.57 మీటర్లు నడుస్తుంది, బకెట్లు 15 సెంటీమీటర్లకొకటి ఉంటే సెకనుకి పదిన్నర బకెట్లు, లీటరు బకెట్ ముప్పావు నిండితే దగ్గర దగ్గర 8 లీటర్లు, ధాన్యం లీటరు 570 గ్రాములు పట్టుకుంటే సెకనుకి నాలుగున్నర కేజీలు, గంటకి మహా అయితే 16 టన్నులు. నీ మిల్లు తినేది 4. అంటే ఎలివేటర్ చాలక కాదు, పిట్‌కీ మిల్లుకీ మధ్య నిలవ తొట్టి చాలక ఆగుతోంది. ట్రాక్టర్లు గుంపుగా వస్తాయి, మిల్లు మాత్రం ఒకే లెవెల్లో తింటుంది, ఆ రెండిటి మధ్య ఓ గాదె ఉండాలి. పైన 20 టన్నుల తొట్టి పెట్టుకుంటే అయిదు గంటలు ఎవరూ పిట్ దగ్గరికి రానక్కర్లేదు. ఫోర్క్‌లిఫ్టు డబ్బులు దానికి పెట్టు.

ఇంకోటి. కరెంటు పోయినప్పుడు బకెట్ల బరువుకి బెల్టు వెనక్కి తిరుగుతుంది, పైకెళ్ళిన గింజంతా బూటులోకి వచ్చి బిగిసిపోతుంది, కరెంటొచ్చాక మోటారు లాగలేక కాలిపోతుంది. హెడ్ షాఫ్టుకి వెనక్కి తిరక్కుండా పట్టే రాచెట్టో బ్యాక్‌స్టాపో ఉందో లేదో చూడు. మన దగ్గర కరెంటు సంగతి తెలిసిందే, ఇది లేకుండా ఎలివేటర్ నడపకూడదు.

జట్టు_బిడ్డ:
బూటు తోడేటప్పుడు దయచేసి ఫ్యూజు క్యారియర్ తీసి తోడేవాడి జేబులో పెట్టుకోమనండి. స్విచ్చి ఆపాం కదా అని చెయ్యి పెడతారు, అవతల ఎవరో తెలీక వేస్తారు. మా పక్క మిల్లులో ఒకతనికి మూడు వేళ్ళు పోయాయి. తొట్టి కడితే దాన్లోకి దిగడం గురించి కూడా రూలు పెట్టండి. కింద గింజ కారుతున్నప్పుడు పైన మనిషి నిలబడితే మోకాళ్ళ దాకా దిగాక ఇక కాలు పైకి రాదు, తాడు పట్టుకుని లాగినా రాదు.

మెకానికల్_మాస్టారు:
ఆ మాట పెద్ద అక్షరాలతో రాసి తొట్టి నిచ్చెన దగ్గర అతికించండి. గింజ తొట్టిలో గూడు కట్టినట్టు కమాను నిలబడుతుంది ఒక్కోసారి, కింద ఖాళీ, పైన గట్టిగా కనబడుతుంది, దాన్ని పొడవడానికి దిగినవాడు దాంతోపాటే పోతాడు. బయట నుంచి పొడిచే కన్నాలు పెట్టించండి, లోపలికి దిగే అవసరమే లేకుండా. తడి ధాన్యానికి, తవుడుకి ఇది ఎక్కువ.

ఫోర్క్‌లిఫ్టు గురించి కూడా చెప్పేస్తాను, వద్దే వద్దని నేను అనను. 1200 ఇంటూ 1000 మిల్లీమీటర్ల ప్యాలెట్ (బస్తాలు పేర్చే చెక్క బల్ల) మీద 40 కేజీల బస్తాలు 25 పెడితే టన్ను, ఒకే ఊపులో లేస్తుంది, బాగుంటుంది. కానీ అది తిరగడానికి మూడున్నర నుంచి నాలుగు మీటర్ల దారి వదలాలి, మీ గోడౌనులో అంత దారి వదిలితే ఎంత నిలవ పోతుందో గీసి చూసుకోండి. నేల గట్టిగా, సమంగా ఉండాలి, మన నల్లరేగడి మీద వేసిన పాత గచ్చు చక్రం కింద పగిలిపోతుంది. అవతల మీ బియ్యం తీసుకునేవాళ్ళ దగ్గర ప్యాలెట్ దించే ఏర్పాటు లేకపోతే మళ్ళీ బస్తా బస్తా ఎక్కించాల్సిందే, రేవు గారు చెప్పినట్టు కట్టిన కట్ట గుమ్మం దగ్గరే విప్పేసినట్టు. ముందు రెండు చేతి ప్యాలెట్ బళ్ళు కొని, బియ్యం కుట్టే చోటు నుంచి గోడౌనుకి వాడి చూడండి. నేల బాగుంటే ఒక్క మనిషి టన్ను లాగేస్తాడు.

మండపేట_మిల్లు:
మూడు వారాల తర్వాత వస్తున్నాను, ఆలస్యానికి ఏమనుకోకండి. పాత పుల్లీ పెట్టాం, 61 చుట్లు తిరుగుతోంది, గింజ రాలే చప్పుడు పోయింది, బూటు తోడడం రోజుకి ఒక్కసారి కూడా అవసరం పడట్లేదు. చిన్న కాటా పిట్ పక్కకి జరిపాం. మేస్త్రీ గారితో కూర్చుని రెండు రోజులు మాట్లాడాం, జట్టు తమ్ముడు చెప్పినట్టే టన్నుకి రేటు, పాత నెలల్లో సగటున వచ్చినదానికి తగ్గకుండా కట్టాం. ఒప్పుకున్న మర్నాడే ఆయన నన్ను చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి, ఆ రోజు ఆడే లాటు ధాన్యం షెడ్డుకి ఎందుకండీ, ట్రాక్టర్ని తిన్నగా పిట్ దగ్గరికి వెనక్కి పెట్టిస్తే అక్కడే తూచి పోసేస్తాం కదా అన్నారు. ఆ మాట నాన్నగారికి ఇరవై ఏళ్ళ క్రితమే చెప్దామనుకున్నారంట. ఇప్పుడు ధాన్యం వైపు ఎక్కువ బస్తాలకి నాలుగు కాదు, రెండే. ఫోర్క్‌లిఫ్టు ప్రస్తుతానికి ఆపేశాను, చేతి బళ్ళు రెండు తెచ్చాం.

దాళ్వా అయ్యాక పిట్ పెద్దది చేద్దామని ఉంది, బస్తాలు కాకుండా ట్రక్కులోంచి తిన్నగా గుమ్మరించేలా. పాత పిట్లో మూలల్లో ధాన్యం ఉండిపోతోంది, పారతో లాగాల్సి వస్తోంది. గోడలు 45 డిగ్రీల వాలులోనే ఉన్నాయి మరి, ఎందుకు నిలుస్తోందో తెలీదు.

పాత_ఫిట్టర్:
అందరూ చేసే తప్పే అది. ధాన్యం పోగు పోస్తే 36 డిగ్రీల దగ్గర నిలబడుతుంది, తడిదైతే ఇంకా నిటారుగా నిలబడుతుంది. గోడ 45 ఉంది కదా జారాలి అనుకుంటాం, కానీ రెండు గోడలు కలిసే మూల వాలు గోడ కన్నా తక్కువ. రెండు వైపులా 45 అయితే మూల 35 మాత్రమే. మూలలో గింజ ఎందుకు కదుల్తుంది? మూల 45 రావాలంటే గోడలు 55 పెట్టాలి, తడి ధాన్యం పోస్తావు కాబట్టి 60 పెట్టుకుంటే ఇంకా మంచిది. మూలలు పదునుగా వదలకుండా సిమెంటుతో గుండ్రంగా నింపి, పైన నున్నటి రేకు వేయించు.

కాలవల్లో నీళ్ళు ఉండగా మాత్రం తవ్వించకు, మన నేలలో నాలుగడుగులకే ఊట వచ్చేస్తుంది. కాలవలు కట్టేశాక తవ్వు. అయినా సరే మరీ లోతుకి పోకు, 60 డిగ్రీలంటే లోతు పెరుగుతుంది కాబట్టి నోరు వెడల్పు తగ్గించి, ట్రాక్టర్ ఎక్కేలా ముందు మట్టితో ర్యాంపు లేపి, పిట్ సగం నేల పైనే ఉండేలా చూసుకో. బూటు నీళ్ళలో ఉంటే బెల్టు రెండు వానాకాలాలు కూడా రాదు. పైన రేకుల షెడ్డు, నోటికి ఇనప గ్రిల్ తప్పనిసరి, మనిషి పాదం దూరనంత సందులతో.

మండపేట_మిల్లు:
మేస్త్రీ గారికి మీ మెసేజ్ చదివి వినిపించాను. రేపు పొద్దున్నే పాత పిట్ ఖాళీ చేసి మూల వాలు కొలుస్తానన్నారు, ర్యాంపు ఎంత ఎత్తు ఉంటే లోడుతో ట్రాక్టర్ తేలిగ్గా ఎక్కుతుందో ఆయనే చెప్తారంట. గీసిన బొమ్మ ఇక్కడ పెడతాను, కాంక్రీటు పోసేముందు ఒక్కసారి చూసిపెట్టండి ఫిట్టర్ గారూ.

పాత_ఫిట్టర్:
బొమ్మ వద్దు, షట్టరింగు కట్టాక ఫోన్ చెయ్యి, బస్సెక్కి నేనే వస్తాను.